హస్తవాసి, చెయ్యి తిరగడం: నర్సుకు ఏ మాట నప్పుతుంది?

ప్రశ్న (పాలకొల్లు): మా మామ్మకు నరం దొరక్క ఇద్దరు గుచ్చి గుచ్చి వదిలేస్తే, పెద్ద సిస్టరుగారు వచ్చి ఒక్కసారికే సెలైన్ ఎక్కించారండి. "ఆవిడ హస్తవాసి మంచిది" అంది మామ్మ. డాక్టర్లకు వాడే మాట కదా, నర్సులకూ చెల్లుతుందా?

జవాబు (అమలాపురం, నర్సింగ్ ట్యూటర్): చెల్లుతుందండి. కానీ ఆ మాట వింటే నాకు కాస్త బాధ. హస్తవాసి అనగానే దేవుడిచ్చిన అదృష్టం అన్నట్టు ఉంటుంది, ఆవిడ కష్టపడి నేర్చుకున్నది వెనక్కి పోతుంది.

ఆవిడ ఏం చేసి ఉంటారో చెప్తాను. టోర్నికే (నరం ఉబ్బేలా చేతికి బిగించే పట్టీ) కట్టి, కంటికి కనబడేదాన్నే నమ్ముకోకుండా వేలికొసతో తడిమి, నొక్కితే మెత్తగా మళ్లీ లేచే నరాన్ని ఎంచుకుంటారు. పెద్దవాళ్ల నరం సూది తగలగానే పక్కకు జారిపోతుంది. అందుకని బొటనవేలితో చర్మాన్ని కిందికి లాగి పట్టి, సూదిని బాగా వాల్చి పోనిస్తారు. క్యాన్యులా (సూది మీద ప్లాస్టిక్ గొట్టం తొడిగిన సాధనం) వెనక రక్తం కనబడగానే మరికాస్త పోనిచ్చి, సూదిని ఆపి, ప్లాస్టిక్ గొట్టాన్ని మాత్రం ముందుకు జరుపుతారు.

ఇదంతా పుస్తకంలో ఉంది. మా స్టూడెంట్లందరికీ తెలుసు. అందరికీ రాదు! ఈత తెలుసు అనం, ఈత వచ్చు అంటాం కదా. గిల్బర్ట్ రైల్ అనే బ్రిటిష్ తత్వవేత్త 1949లో ఈ తేడా మీదే గట్టిగా వాదించాడు. నర్సుల జ్ఞానంలో బార్బరా కార్పర్ అనే అమెరికన్ నర్సింగ్ అధ్యాపకురాలు 1978లో నాలుగు తీరులు చూపింది: శాస్త్రం, కళ, తననూ రోగినీ మనుషులుగా ఎరిగి మెలగడం, నీతి. రెండుసార్లు గుచ్చించుకున్న మామ్మగారిని "ఇంకొక్కసారి చూడమంటారా అమ్మా" అని అడిగి ఆగడం ఆ నాలుగోది.

వ్యాఖ్య (ఆత్రేయపురం): ఆయ్, అయితే అనుభవం ఉంటే చాలంటారా మేడమ్‌గారూ? మా ఊళ్లో పూతరేకులు తీసేవాళ్లు ఏ పుస్తకం చదివారు?

జవాబు: ఏళ్లు గడిస్తే చాలదండి. పాట్రీషియా బెన్నర్ అనే అమెరికన్ నర్సింగ్ పరిశోధకురాలు 1984లో కొత్త నర్సు నుంచి ఆరితేరిన నర్సు దాకా అయిదు మెట్లు చెప్పింది. చదువుకున్నదాన్ని ఎదురైన కేసు దగ్గర సరిదిద్దుకుంటేనే ఆవిడ లెక్కలో అనుభవం. మీ ఊళ్లో కూడా రేకు చిరిగినప్పుడల్లా పిండినో మంటనో సరిచూసుకునే ఉంటారు. పై మెట్టు మీదున్నవాళ్లను "ఎలా తెలిసింది" అంటే ఒక్కోసారి చెప్పలేరు. అప్పుడు పిల్లల్ని పక్కన నిలబెట్టి చూపించమనాలి. "చెయ్యి తిరిగిన" అన్న మాటలో ఆ సాధన కనబడుతుంది.

మామ్మగారిని హస్తవాసి అనే అననివ్వండి. మీరు ఆ సిస్టరుగారి గురించి రాసేటప్పుడు మాత్రం "చెయ్యి తిరిగిన నర్సు" అని రాయండి.