క్రెడిట్ కార్డుకు 2 శాతం ఎక్స్‌ట్రా, డెబిట్‌కు ఏమీ లేదు: ఇది న్యాయమేనా?

బెజవాడ బాటసారి:
నిన్న బీసెంట్ రోడ్డు దగ్గర ఒక షాపులో 38,000 రూపాయలకు ఫ్రిజ్ తీసుకున్నాను. కార్డు తీయగానే కౌంటర్లో అబ్బాయి "క్రెడిటా, డెబిటా సార్?" అన్నాడు. క్రెడిట్ అన్నాను. మెషీన్‌లో 38,760 కొట్టాడు. ఇదేంటంటే, "బ్యాంకు వాళ్ళు కోసేస్తారు సార్" అన్నాడు. ఇంటికొచ్చి చూస్తే బిల్లు మీద 38,000, కార్డు స్లిప్పు మీద 38,760. ఆ 760 దేనికి కట్టానో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. రెండూ ఒకే మెషీన్‌లో గీకే కార్డులే కదా, ఈ తేడా ఎందుకు?

గుంటూరు కొట్టు:
మాదీ ఎలక్ట్రికల్ సామాన్ల షాపే కాబట్టి చెబుతున్నాను. మా బ్యాంకు క్రెడిట్ కార్డుకు 2 శాతం పట్టుకుంటుంది. మీ ఫ్రిజ్ మీద 760, దానిపై 18 శాతం జీఎస్టీ 136 రూపాయల 80 పైసలు. డెబిట్‌కైతే రిజర్వ్ బ్యాంకు 2018 జనవరి నుంచి హద్దు పెట్టింది. ఏడాది టర్నోవర్ 20 లక్షల లోపుంటే 0.40 శాతం, ఎంత పెద్ద బిల్లయినా 200 దాటకూడదు. ఆపైన వాళ్ళకు 0.90 శాతం, 1,000 దాటకూడదు. రూపే డెబిట్‌కు 2020 జనవరి నుంచి అసలు సున్నా. క్రెడిట్‌కు అలాంటి హద్దేమీ లేదండీ. పక్క షాపువాడు వంద తగ్గిస్తే కస్టమర్ అటు వెళ్ళిపోయే రోజుల్లో ఇంత కోత మేమెక్కడ సర్దుకోవాలి?

పాస్‌బుక్:
బ్యాంకులో పనిచేశాను. డెబిట్‌లో మీ ఖాతాలో ఉన్న మీ డబ్బే కదులుతుంది. క్రెడిట్‌లో కార్డిచ్చిన బ్యాంకు ముందు తన డబ్బు పెడుతుంది, మీరు నెల దాటాక వడ్డీ లేకుండా కడతారు. కట్టనివాళ్ళ నష్టమూ దానిదే. షాపు నుంచి పట్టుకున్న దాంట్లో పెద్ద వాటా అందుకే ఆ బ్యాంకుకు వెళ్తుంది. కొంత షాపుకు మెషీన్ ఇచ్చిన బ్యాంకుకు, కొంత వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి కార్డు నెట్‌వర్క్‌కు. మీ రివార్డు పాయింట్లు కూడా ఇందులోంచే వస్తాయి. గుంటూరు వారికి ఒక మాట: రెగ్యులర్ జీఎస్టీలో ఉంటే ఆ 136 ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపుగా, మీకు తిరిగొస్తుంది, ఖర్చులో వేయకండి.

నెలాఖరు:
నాకు క్రెడిట్ కార్డు లేదు, బ్యాంకు ఇవ్వలేదు. షాపువాడు ఆ 2 శాతాన్ని ధరలో కలిపేస్తే, వేరేవాళ్ళ పాయింట్లకు నేనూ డబ్బు కడుతున్నట్టే. ఎవరు వాడితే వాళ్ళ దగ్గర విడిగా తీసుకోవడమే నాకు న్యాయంగా కనిపిస్తోంది. ఈ మాట ఎవరూ మాట్లాడరు.

బెజవాడ బాటసారి:
మీ బాధ అర్థమైంది, ఆ కోణం నాకు తట్టలేదు. కానీ విడిగా తీసుకునేది బిల్లులో చూపించాలి కదండీ?

పాస్‌బుక్:
డెబిట్ మీద ఎక్స్‌ట్రా తీసుకోకుండా చూడమని రిజర్వ్ బ్యాంకు 2017 డిసెంబర్ సర్క్యులర్‌లో బ్యాంకులకు స్పష్టంగా చెప్పింది. ఆ వాక్యంలో ఉన్నది డెబిట్ కార్డే. క్రెడిట్ సంగతి షాపుకూ, మెషీన్ ఇచ్చిన బ్యాంకుకూ మధ్య ఒప్పందం మీద ఆధారపడుతుంది. దాన్ని కస్టమర్‌కు ఎవరు చూపిస్తారు?

గుంటూరు కొట్టు:
2017 జనవరిలో పెట్రోలు బంకులవాళ్ళు కార్డులు తీసుకోం అని కూర్చున్నారు, గుర్తుందా? బ్యాంకులు 1 శాతం వేస్తామన్నాయి. లీటరు మీద బంకువాళ్ళకు వచ్చేది ఫిక్స్‌డ్ కమీషన్, ధర పెంచుకునే దారి లేదు. నోట్ల రద్దు తర్వాత రోజులు కాబట్టి ప్రభుత్వం వెంటనే కదిలింది, ఆ కోత ఆగింది. మాలాంటి షాపుల వాళ్ళం అలా ఒక్కటిగా కూర్చోలేం. అందుకే భారం కస్టమర్ మీద పడుతోంది. అది ఒప్పని నేను అనను. క్రెడిట్‌కు కూడా డెబిట్‌లాగే హద్దు పెడితే నా కౌంటర్లో ఎవరినీ ఏ కార్డు అని అడగను.

బెజవాడ బాటసారి:
ఈ సాయంత్రం స్లిప్పు, బిల్లు రెండూ పట్టుకుని షాపుకు వెళ్తున్నాను. 760 తిరిగివ్వమంటాను, లేదా బిల్లులో రాసివ్వమంటాను. ఏం చెప్పారో ఇక్కడే రాస్తాను.