అమెరికా ప్రతినిధుల సభ 435 దగ్గరే ఆగాలా, పెంచాలా?

సభాపర్వం

435 అనే అంకె అమెరికా రాజ్యాంగంలో ఎక్కడా లేదు. 1911లో చేసిన చట్టంతో వచ్చి, 1913 నుంచి అమల్లో ఉంది. రాజ్యాంగం పెట్టిన షరతులు రెండే: ప్రతి రాష్ట్రానికి కనీసం ఒక సీటు ఉండాలి, 30 వేల మందికి ఒకరి కంటే ఎక్కువ సభ్యులు ఉండకూడదు. 1789లో 65 మందితో మొదలైన సభను, జనాభా పెరిగేకొద్దీ పెంచుకుంటూ వచ్చారు. 1920 జనగణనలో పట్టణాల జనాభా మొదటిసారి పల్లెల్ని దాటింది. సీట్లు పట్టణాలున్న రాష్ట్రాలకు తరలిపోతాయని పల్లె ప్రాంతాల సభ్యులు అడ్డం పడ్డారు. ఆ పదేళ్లూ సీట్ల పంపకమే జరగలేదు. 1929లో కుదిరిన రాజీ ఇది: సంఖ్య కదలదు, ఉన్న సీట్లనే పదేళ్లకోసారి రాష్ట్రాల మధ్య సర్దుతారు. ఆ తర్వాతి సర్దుబాటులో కాలిఫోర్నియా 11 నుంచి 20కి వెళ్లింది. పదేళ్లపాటు ఎవరి వాటా తొక్కిపెట్టారో దాన్ని బట్టే తెలుస్తుంది.

1910 లెక్కల్లో ఒక్కో సభ్యుడికి సుమారు 2.1 లక్షల మంది. 2020లో 7,61,169 మంది. బ్రిటన్‌లో 7 కోట్ల లోపు జనానికి దిగువ సభలో 650 మంది ఉన్నారు.

నా ప్రతిపాదన: అతి చిన్న రాష్ట్రమైన వయోమింగ్ జనాభా (5,77,719) ఒక సీటుకు కొలతగా తీసుకుని సభను 573కి పెంచాలి. దీనికి మామూలు చట్టం చాలు, రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. అభ్యంతరాలుంటే చెప్పండి.

లెక్కల మాస్టారు

పెంచడానికి నేను అనుకూలమే. కానీ వయోమింగ్ కొలతతో అసమానత పోతుందనుకుంటే పొరపాటు. ముందు పంపకం ఎలా చేస్తారో చూడండి.

50 రాష్ట్రాలకూ తలా ఒక సీటు ముందే ఇచ్చేస్తారు. మిగిలిన 385 సీట్లకు వేలంపాట లాంటిది జరుగుతుంది. ఒక రాష్ట్రానికి ఇప్పటికే n సీట్లు ఉంటే, దాని జనాభాను n × (n+1) వర్గమూలంతో భాగిస్తారు. ఎవరి అంకె పెద్దదైతే తర్వాతి సీటు వారిదే. ఈ పద్ధతి 1941 నుంచి ఉంది.

2020లో చివరి సీటు, అంటే 435వది, ఎలా వెళ్లిందో చూడండి. మిన్నెసోటా జనాభా 57,09,752; అడిగేది 8వ సీటు. 7 × 8 = 56, వర్గమూలం 7.4833, భాగిస్తే 7,62,997. న్యూయార్క్ జనాభా 2,02,15,751; అడిగేది 27వ సీటు. 26 × 27 = 702, వర్గమూలం 26.4953, భాగిస్తే 7,62,994. ఆ రెండు భాగఫలాల మధ్య తేడా కేవలం మూడు, దాంతోనే సీటు మిన్నెసోటాకు పోయింది. మరో 89 మంది లెక్కలోకి ఎక్కి ఉంటే న్యూయార్క్‌కు దక్కేది.

ఇప్పుడు మోంటానా. 2010లో 9,94,416 మందికి ఒక్కడే సభ్యుడు, దేశంలోనే అతి పెద్ద నియోజకవర్గం. 2020లో జనాభా 10,85,407 కాగానే రెండో సీటు వచ్చి, ఒక్కోదానికి 5,42,704 మందితో దేశంలోనే అతి చిన్నవి అయిపోయాయి. ఇప్పుడు పెద్దది డెలావేర్: 9,90,837. పెద్దదానికీ చిన్నదానికీ నిష్పత్తి 1.83.

573 చేద్దాం. రెండో సీటు దక్కాలంటే జనాభాను 1.4142తో భాగించగా సుమారు 5.77 లక్షలు దాటాలి. సౌత్ డకోటా (8,87,770) దాటుతుంది, దానికి రెండు సీట్లు, ఒక్కోదానికి 4,43,885. పక్కనే ఉన్న నార్త్ డకోటా (7,79,702)కు 5.51 లక్షలే వస్తుంది, అది ఒక సీటు దగ్గరే ఆగిపోతుంది. ఒకే గట్టుకు అటూ ఇటూ ఉన్న రెండు రాష్ట్రాల మధ్య నిష్పత్తి 1.76. 1.83 నుంచి 1.76కు దిగడానికి 138 సీట్లు పెంచామన్నమాట. నియోజకవర్గం రాష్ట్ర సరిహద్దు దాటకూడదన్న నియమం ఉన్నంతకాలం ఒకటి-రెండు సీట్ల రాష్ట్రాల్లో ఈ దెబ్బ తప్పదు. 1990లో రెండో సీటు పోగొట్టుకుని మోంటానా కోర్టుకెక్కితే, 1992లో సుప్రీంకోర్టు పద్ధతి సరైనదేనని ఏకగ్రీవంగా తేల్చేసింది.

కాబట్టి సభ పెంచడానికి కారణం సగటును దించడం అని చెప్పండి. సమానత్వం అని చెప్పకండి.

చట్టం చదువరి

నేను పూర్తిగా వ్యతిరేకం. ప్రజాభిప్రాయం చట్టంగా మారకుండా ఆగుతున్న చోటు ప్రతినిధుల సభ కాదండీ, సెనేట్ (రాష్ట్రానికి ఇద్దరేసి ఉండే ఎగువ సభ). తుపాకీ కొనేవారందరి నేపథ్యం తనిఖీ చేయాలని 2012 చివర్లో, 2013లో పలు సర్వేల్లో దాదాపు 90 శాతం మంది అన్నారు. 2013 ఏప్రిల్ 17న సెనేట్‌లో ఆ తనిఖీలను విస్తరించే మాంచిన్-టూమీ సవరణకు 54 ఓట్లు వచ్చాయి, 46 వ్యతిరేకం. మెజారిటీ ఉన్నా, దాటడానికి 60 కావాలి కాబట్టి పడిపోయింది.

మన తెలుగువాళ్లకు బాగా తెలిసిన ఉదాహరణ గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశం వారికీ ఏటా 7 శాతం మించకూడదన్న పరిమితి. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డులకు దాన్ని ఎత్తేసే బిల్లు 2019 జూలైలో ప్రతినిధుల సభలో 365-65తో నెగ్గింది. సెనేట్‌లో ఏకాభిప్రాయంతో దాటించాలని చూసిన ప్రతిసారీ ఎవరో ఒక సెనేటర్ అడ్డు చెప్పారు. 2020 డిసెంబరులో మార్పులతో దాటింది కానీ రెండు సభల పాఠాలూ కలవక ఆ కాంగ్రెస్ గడువుతోనే చచ్చిపోయింది. ప్రతినిధుల సభలో 435 మంది బదులు 573 మంది ఉంటే ఇందులో ఏం మారేది?

రెండోది, నియోజకవర్గాల సరిహద్దు గీతలు. 2019లో రూచో కేసు తీర్పుతో, పార్టీ లాభం కోసం గీసిన మ్యాపులను ఫెడరల్ కోర్టులు ముట్టుకోవని తేలిపోయింది. 2025లో టెక్సస్ జనగణన లేకుండానే మ్యాపు తిరగరాసింది, జవాబుగా కాలిఫోర్నియా ఓటర్లు తమ మ్యాపునూ మార్చే ప్రతిపాదన 50ని నవంబరులో నెగ్గించారు. గీసే చేతులు మార్చకుండా ముక్కలు పెంచితే, కోసేవాడికి ఇంకా సన్నటి కత్తి ఇచ్చినట్టే.

గోదారి_డాలస్

చదువరి గారు చట్టాల వైపే చూస్తున్నారు. సభ్యుడి ఆఫీసులో సగం పని చట్టాలది కాదు, జనం అర్జీలది: ఇమిగ్రేషన్, పాస్‌పోర్టు, సోషల్ సెక్యూరిటీ, మాజీ సైనికుల వైద్యం. ఒక్కో సభ్యుడికి శాశ్వత సిబ్బంది 18 మందికి మించకూడదు, అదనంగా తాత్కాలికులు నలుగురు. 7.61 లక్షలను 18తో భాగిస్తే ఒక్కో ఉద్యోగికి 42 వేల పైచిలుకు జనం. ఆ 18 మందిలో కొందరు వాషింగ్టన్‌లో కూర్చుని బిల్లులు చూసేవాళ్లు. అర్జీలు చూసేవాళ్లు స్థానిక ఆఫీసులో వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే.

పని జరిగే తీరు ఇది. జిప్ కోడ్‌తో మీ సభ్యుడెవరో సభ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. 1974 గోప్యతా చట్టం ప్రకారం సంతకం చేసిన అనుమతి పత్రం ఇవ్వాలి. అది లేకుండా మీ ఫైలు గురించి ఏ శాఖా ఆ ఆఫీసుకు నోరు విప్పదు. దరఖాస్తు రసీదు నంబరు, తేదీలు, ఇప్పటిదాకా వచ్చిన జవాబులు జత చేయాలి. అప్పుడు వాళ్లు శాఖను ఆరా తీస్తారు. ఆదేశించలేరు, అడగగలరు. ఎక్కువమంది చేసే తప్పులు రెండు: పక్క నియోజకవర్గం సభ్యుడికి రాయడం, ఒకే అర్జీని సభ్యుడికీ ఇద్దరు సెనేటర్లకూ ఒకేసారి పంపడం. మూడు ఆరాలు ఒకే ఫైలు మీద పడితే పని ముందుకు జరగదు, చిక్కుపడుతుంది.

ఇంకోమాట. 14వ సవరణ ప్రకారం సీట్ల పంపకానికి లెక్కపెట్టేది ఓటర్లను కాదు, మనుషులందర్నీ. హెచ్-1బీ మీద ఉన్న తెలుగు కుటుంబం ఓటు వేయలేదు, కానీ రాష్ట్రానికి సీటు తెచ్చే లెక్కలో ఉంటుంది. ఓటు లేనివారికి మిగిలిన దారి ఆ స్థానిక ఆఫీసే. అది ఎంత కిక్కిరిసి ఉందన్నది వారికి చిన్న విషయం కాదు.

చట్టం చదువరి

గోదారి గారూ, మీరు చెప్పిన కష్టానికి మందు సిబ్బంది పరిమితి పెంచడం. 18ని 30 చేయండి, అర్జీలు కదులుతాయి. 138 మంది కొత్త సభ్యులెందుకు?

సభాపర్వం

సిబ్బంది ఎవరికి జవాబు చెబుతారండీ? ఓటరు ఓడించగలిగేది సభ్యుణ్ని మాత్రమే. 7.6 లక్షల మందిని టీవీ ప్రకటనలతో తప్ప చేరుకోలేరు, అందుకే ప్రచారంలో డబ్బు ముందు కూర్చుంటుంది. ఖర్చూ పెద్దది కాదు. ఆఫీసు భత్యం సభ్యుడికి ఏడాదికి 19 లక్షల డాలర్లకు అటూ ఇటూ, జీతం 1,74,000. 138 మందికి కలిపి 30 కోట్ల డాలర్ల లోపే. ఏటా 6 లక్షల కోట్ల డాలర్లు దాటే ఫెడరల్ ఖర్చులో అది కనబడదు. పైగా అధ్యక్షుణ్ని ఎన్నుకునే ఎలక్టోరల్ కాలేజీ (రాష్ట్రానికి ప్రతినిధుల సభ సీట్లెన్నో అన్ని ఓట్లు, సెనేట్ వల్ల ఇంకో రెండు) కూడా జనాభాకు దగ్గరవుతుంది. జనం ఓట్లలో ఓడినవాళ్లు అధ్యక్షులు కావడం ఆగుతుంది.

లెక్కల మాస్టారు

ఆ చివరి వాక్యం నిలవదు. సభను ఎంత పెంచినా తగ్గేది సెనేట్ వల్ల వచ్చే రెండేసి ఓట్ల బరువే, వాటిని పూర్తిగా తీసేసి చూడండి. 2000లో బుష్ 271, 30 రాష్ట్రాలు. 60 తీస్తే 211. గోర్ గెలిచినవి 267 (ఒకరు ఓటు వేయలేదు), 20 రాష్ట్రాలు, రాజధాని వాషింగ్టన్. 42 తీస్తే 225. నిజమే, ఫలితం తిరగబడుతుంది. 2016లో ట్రంప్ గెలిచినవి 306, 60 తీస్తే 246. క్లింటన్‌వి 232, 42 తీస్తే 190. తిరగబడదు. 2016ను తేల్చింది గెలిచినవాడికే రాష్ట్రం మొత్తం అనే నియమం. సభ ఎంత పెంచినా దానికి మందు కాదు.

కృష్ణాతీరం

ఇంత చర్చలో జనాన్ని ఎవరూ అడగలేదు. ప్యూ సంస్థ 2018లో అడిగింది. 435 అలాగే ఉంచాలన్నవారు 51 శాతం, పెంచాలన్నవారు 28, తగ్గించాలన్నవారు 18. ప్రజాభిప్రాయానికి విలువ కోసం సభ పెంచాలంటున్నాం, ఆ ప్రజలే వద్దంటున్నారు. ఇది పక్కన పెట్టేసే సంగతి కాదు.

మన వైపు నుంచి చూస్తే నాకు ఇంకో భయం. 1976లో 42వ సవరణతో లోక్‌సభ సీట్లను 1971 జనాభా దగ్గర ఆపారు, 2001లో 84వ సవరణతో ఆ గడువును 2026 తర్వాతి జనగణన దాకా పొడిగించారు. ఆంధ్రప్రదేశ్‌కు 25, తెలంగాణకు 17. అమెరికా మొత్తం సంఖ్యను ఆపి వాటాలను కదిలించింది. మనం వాటాలనే ఆపాం. జనాభా అదుపు చేసిన రాష్ట్రానికి నష్టం రాకూడదన్న వాదన అక్కడ లేదు. 2020లో కాలిఫోర్నియా ఒక సీటు పోగొట్టుకుంది, టెక్సస్ రెండు తెచ్చుకుంది, అంతే. సభను పెంచితే ఎవరూ ఉన్న సీటు పోగొట్టుకోకుండా వాటాలు సరిచేయవచ్చు. నన్ను పెంచడం వైపు తిప్పేది ఆ ఒక్క కారణమే. పోయే సీటు లేకపోతే 1920ల నాటి అడ్డంకి కూడా ఉండదు.

చట్టం చదువరి

కృష్ణాతీరం గారి కారణం బలమైనదే, ఒప్పుకుంటాను. అయితే నా షరతు ఒకటుంది. మసాచుసెట్స్‌లో 2020లో ట్రంప్‌కు 32 శాతం ఓట్లు వచ్చాయి. అక్కడి 9 సీట్లూ డెమొక్రాట్లవే. ఓక్లహోమాలో బైడెన్‌కు 32 శాతం వచ్చాయి. అక్కడి 5 సీట్లూ రిపబ్లికన్లవే. మూడోవంతు జనానికి సొంత రాష్ట్రంలో ఒక్క గొంతూ లేదు. మసాచుసెట్స్‌లోనైతే వాళ్లు రాష్ట్రమంతా పలచగా పరుచుకుని ఉన్నారు కాబట్టి గీతలు ఎంత న్యాయంగా గీసినా ఇది సులువుగా మారదు. ఒక నియోజకవర్గానికి ఒకే సభ్యుడు అని 1967లో చేసిన చట్టాన్ని మార్చి, మూడు నుంచి ఐదుగురు సభ్యుల నియోజకవర్గాలు పెట్టి, ఓట్ల నిష్పత్తిలో సీట్లివ్వాలి. ఐదు సీట్ల చోట 32 శాతం ఉన్నవారికి కనీసం ఒకటి దక్కుతుంది. ఇదీ మామూలు చట్టంతో అయ్యే పనే. ఇది లేకుండా సంఖ్య పెంచితే నేను వ్యతిరేకమే.

సభాపర్వం

మాస్టారు చూపించిన డకోటాల లెక్క తర్వాత వయోమింగ్ కొలతను వదిలేస్తున్నాను. ఒక రాష్ట్రం జనాభా తగ్గినా పెరిగినా సభ మొత్తం ఊగడం కూడా మంచిది కాదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆర్ట్స్ అండ్ సైన్సెస్ 2021లో చెప్పినట్టు 150 చేర్చి 585 చేయడం నాకు సబబుగా ఉంది. చదువరి గారి షరతునూ అదే బిల్లులో పెట్టాలి. విడిగా పెడితే రెండోది సెనేట్‌లో నలుగుతుంది.

గడువు మాత్రం గుర్తుపెట్టుకోవాలి. తర్వాతి జనగణన తేదీ 2030 ఏప్రిల్ 1. రాష్ట్రాల జనాభా లెక్కలు ఆ డిసెంబరు 31 లోపు అధ్యక్షుడికి చేరాలి, 2031 జనవరిలో ఆయన కాంగ్రెస్‌కు పంపుతారు. అంకెలు బయటికొచ్చాక ఏ రాష్ట్రానికి ఎన్నో అందరికీ తెలిసిపోతుంది, ఇక బిల్లు మీద ఎవరి కూడిక వారిదే. 1920లో జరిగింది అదే. చట్టం ఎప్పుడు చేసినా లెక్కింపుకు ముందే చేయాలి.