వేరియంట్‌ని 'వంగడం' అనవచ్చా?

కావలిలో డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను. ఈ వారం లింకర్ హిస్టోన్లనే, డీఎన్ఏని పట్టి ఉంచే ప్రొటీన్ల దగ్గర ఆగిపోయాను, సరైన మాట దొరక్క.

కణంలో డీఎన్ఏ పోగు హిస్టోన్ ప్రొటీన్ల ముద్ద చుట్టూ ఒకటిన్నర చుట్టుకు కాస్త ఎక్కువగా తిరుగుతుంది. పాటూరులో కండెకు నూలు చుట్టడం చూసిన పిల్లలకు ఇది వెంటనే అందింది. ఒక కండె నుంచి ఇంకో కండెకు సాగే పోగుని 'లంకె పోగు' అన్నాను. పోగు కండె మీదికి ఎక్కే చోట, దిగే చోట కూర్చుని చుట్టు వదులు కాకుండా పట్టుకునేది హెచ్1. అదే లంకె హిస్టోన్.

చిక్కు ఆ తర్వాత వచ్చింది. హెచ్1లో వేరియంట్లు, అంటే కొద్దికొద్ది తేడాలున్న రకాలు ఉన్నాయి. హెచ్5 వాటిలో ఒకటి. 'రూపాంతరాలు' అన్నాను. ఒక అమ్మాయి లేచి, "అంటే హెచ్1 మారి హెచ్5 అవుతుందా సార్?" అంది. ఆ మాట వింటే ఎవరికైనా అలాగే తోస్తుంది. కానీ ఇవి ఒకటి మారి ఇంకొకటి అయ్యేవి కావు, దేని జన్యువు దానిదే. మా నాయన మొలకొలుకులు వరి పండించేవాడు. ఆయన నోట విన్న 'వంగడం' గుర్తొచ్చింది. పనికొస్తుందా?

ఒంగోలు నుంచి:
సార్, రూపాంతరం వద్దన్నది నిజం. వంగడం కూడా నాకు కుదరడం లేదు. ఒక మడిలో ఒకే వంగడం వేస్తాం. వేరేది కలిస్తే కేళీలని పీకేస్తాం. మన శరీరంలో అలా లేదు గదా. మనుషుల్లో హెచ్1 రకాలు 11. వాటిలో 7 మామూలు శరీర కణాల్లోవి, ఒకే కణంలో కొన్ని కలిసే ఉంటాయి. మిగతా నాలుగు వృషణాల్లో, అండంలో మాత్రమే.

ఆత్మకూరు నుంచి:
అన్నా, వంగడానికి పాత అర్థం వేరే ఉంది. నిఘంటువులో 'వంగడము' అంటే వంశం. విత్తనం అర్థం పక్కన పెట్టి దీన్ని తీసుకుంటే? ఆ అమ్మాయి అడిగిన హెచ్5 కోడిలో ప్రత్యేకమని విన్నాను, అది కూడా చెప్పండి.

కావలి నుంచి:
తమ్ముడూ, చాలా మంచి మాట పట్టించావు. కోడి ఎర్ర రక్తకణంలో కేంద్రకం ఉంటుంది, మన ఎర్రకణం ముదిరేలోపే దాన్ని బయటికి తోసేస్తుంది. కోడిలో కేంద్రకం మిగిలినా జన్యువులు దాదాపు మూతపడతాయి. కణం ముదిరేకొద్దీ హెచ్5 పెరిగి డీఎన్ఏని గట్టిగా బిగిస్తుంది. దానికి దగ్గరి చుట్టం మనలోని హెచ్1.0, ఎదుగుదల ముగిసిన కణాల్లో ఎక్కువ. 1993లో హెచ్5 నడిమి భాగం ఆకారాన్ని తేల్చిన వారిలో మన పక్క చిదంబరంలో పుట్టిన నోబెల్ శాస్త్రవేత్త వెంకీ రామకృష్ణన్ ఉన్నారు.

కప్ప గుడ్డులో బి4 అనే లంకె హిస్టోన్ ఉంటుంది. పిండం ఎదిగాక మామూలు హెచ్1 దాని చోటికి వస్తుంది. పండ్ల ఈగ పిండంలో ఆ పని బిగ్ హెచ్1ది. చోటు మారుతుంది తప్ప, ఒక ప్రొటీన్ ఇంకో ప్రొటీన్ కాదు. 'రూపాంతరం' మీద నాకు ఇంత పట్టుదల అందుకే.

ఒంగోలు వారి అభ్యంతరం సబబే. కాబట్టి ఒక్కోదాన్ని వంగడం అనను. మొత్తం కుటుంబానికి ఆ మాట, ఒక్కోదానికి 'భేదం'. "హెచ్5, హెచ్1 వంగడంలో పక్షుల ఎర్రకణాల భేదం." రేపు క్లాసులో ఈ వాక్యం బోర్డు మీద రాసి, ఆ అమ్మాయినే ముందు అడుగుతాను.