కంట్లో నలుసు తీశాక మిగిలిన గీతకు ఏ కోడ్: ఎస్05.0నా, టి15.0నా?

ఈడీ_కోడర్_వరంగల్
మేం అమెరికా ఆస్పత్రుల చార్టులు చదివి బిల్లు కోసం జబ్బుల కోడ్లు (ఐసీడీ-10-సీఎం) వేస్తాం. ఇది ఒక ఎమర్జెన్సీ చార్టు. పేషెంటు ఇంటి గ్యారేజీలో గ్రైండర్‌తో ఇనుము కోస్తుంటే కుడి కంట్లో ఏదో పడింది. గాగుల్స్ పెట్టుకోలేదు. నల్లగుడ్డు మీద ఇనుప నలుసు ఉందని, స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దగా చేసి చూపే లైటు మైక్రోస్కోప్) కింద సూదితో తీశానని, తర్వాత ఫ్లోరోసీన్ అనే రంగు వేసి చూస్తే గీత కనిపించిందని డాక్టరు రాశారు. చివర డయాగ్నసిస్ దగ్గర మాత్రం 'కార్నియల్ అబ్రేషన్, రైట్ ఐ' (కుడి కంటి నల్లగుడ్డు పైపొర, అంటే కార్నియా మీద గీత) అని ఒక్క ముక్కే ఉంది. మా టీమ్‌లో సగం మంది ఎస్05.01ఎక్స్ఏ (నలుసు లేని గీత) అంటున్నారు, సగం మంది టి15.01ఎక్స్ఏ (కార్నియాలో నలుసు) అంటున్నారు. రెండూ వేసేద్దామనేవాళ్లు కూడా ఉన్నారు. కంటి చార్టులు రోజూ చూసేవాళ్లు కాస్త చెప్పండి.

శ్రావణి_ఆడిట్
రెండూ వేయకూడదండి. కోడ్ల పుస్తకం ట్యాబ్యులర్ జాబితాలో ఎస్05.0 కింద ఎక్స్‌క్లూడ్స్1 నోట్ (ఈ కోడ్‌తో కలిపి వేయకూడని కోడ్లు) చూడండి: కార్నియాలో నలుసుకు టి15.0, కంజంక్టైవల్ శాక్‌లో (రెప్పకూ గుడ్డుకూ మధ్య సంచిలో) నలుసుకు టి15.1 అని ఉంటుంది. ఎస్05.0 అంటేనే నలుసు లేని గీత. మీ కేసులో అదే కంట్లో, అదే దెబ్బలో నలుసు ఉంది, తీశారు. కింద మిగిలిన గీత ఆ నలుసు చేసిందే. టి15.01ఎక్స్ఏ ఒక్కటి చాలు.

చివరి లైను ఒక్కటే చదివి కోడ్ వేసేయడం మన దగ్గర బాగా అలవాటైపోయింది. ప్రొసీజర్ నోట్‌లో అదే డాక్టరు 'నలుసు ఉంది, తీశాను' అని స్పష్టంగా రాశాక దాన్ని వదిలేయడం కుదరదు. పైగా మీరు ఎస్05.01 వేసి, సీపీటీలో (చేసిన ప్రొసీజర్లకు వేసే కోడ్లలో) నలుసు తీసిన 65222 వేశారనుకోండి. లేని నలుసును ఎలా తీశారని క్లెయిమ్ వెనక్కి వస్తుంది.

సీపీటీ సంగతి కూడా చెప్పేస్తాను. కార్నియా మీది నలుసును స్లిట్ ల్యాంప్ కింద తీస్తే 65222, స్లిట్ ల్యాంప్ లేకుండా తీస్తే 65220. తెల్లగుడ్డు పొర మీద పైపైన ఉంటే 65205, లోపల దిగబడి ఉంటే 65210. నోట్‌లో స్లిట్ ల్యాంప్ అన్న మాట లేకుండా 65222 వేయొద్దు. ఎమర్జెన్సీ విజిట్ లెవెల్ కోడ్‌కి మాడిఫయర్ 25 (అదే రోజు ప్రొసీజర్‌తో పాటు విడిగా పరీక్ష జరిగిందని చెప్పే గుర్తు) పెట్టాలంటే నలుసు తీయడమే కాకుండా విడిగా చెప్పుకోదగ్గ పరీక్ష జరిగినట్టు నోట్‌లో కనిపించాలి.

కొత్త_సీపీసీ
మేడమ్, ఇంకో డౌట్. ఏ కన్నో డాక్టరు రాయకపోతే ఎస్05.00ఎక్స్ఏ వేసేయొచ్చా? ట్రైనింగ్‌లో 'అన్‌స్పెసిఫైడ్ ఉంది కదా, వేసేయండి' అన్నారు.

శ్రావణి_ఆడిట్
ముందు చార్టంతా చదవండి. డాక్టరు రాయకపోయినా నర్సు ట్రయాజ్ (రాగానే చేసే తొలి పరిశీలన) నోట్‌లోనో, చూపు పరీక్ష షీటులోనో ఓడీ, ఓఎస్ అని ఉంటుంది. ఓడీ అంటే కుడి, ఓఎస్ అంటే ఎడమ. వైపు విషయంలో ఇతర క్లినీషియన్ల నోట్ తీసుకోవచ్చని గైడ్‌లైన్స్‌లోనే ఉంది. ఇద్దరి రాతలూ ఒకదానికొకటి పొంతన లేకపోతే మాత్రం డాక్టరుకు క్వెరీ (ప్రశ్న) పంపాల్సిందే. రెండు కళ్లకూ గీతలుంటే, ఎస్05.0లో బైలేటరల్ (రెండు కళ్లకూ కలిపి) కోడ్ లేదు కాబట్టి ఎస్05.01, ఎస్05.02 రెండూ వేయాలి.

డాలస్_నుంచి
నేను కోడర్ని కాదు. మా పాప గోరు నా కంట్లో తగిలి అర్జెంట్ కేర్‌కి వెళ్లాను. పరీక్ష చేశారు, యాంటీబయాటిక్ చుక్కలు ఇచ్చారు, గీత త్వరగానే మానింది. మానని తలనొప్పల్లా బిల్లుదే. ఏ కన్నో చెప్పని కోడ్ వేశారని ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ ఆపేశారు. ఎడమ కన్ను అని వాళ్ల కాగితం మీదే ఉంది! వాళ్లకు ఫోన్ చేస్తే ఇన్సూరెన్స్‌ని అడగమంటారు, ఇన్సూరెన్స్‌కి చేస్తే వాళ్లని అడగమంటారు. ఒక్క అంకె కోసం నెలల తరబడి తిరిగాను. పైన మేడమ్ చెప్పినట్టు చార్టంతా చదివే కోడర్ ఉంటే నాకీ టెన్షన్ ఉండేది కాదు.

శ్రావణి_ఆడిట్
మీరు పడిన ఇబ్బంది మా ఫ్లోర్‌లో అందరికీ చదివి వినిపిస్తానండి. మీ కేసుకు ఎస్05.02ఎక్స్ఏ సరిపోతుంది. గోరు గీరుకోవడానికి బయటి కారణం కోడ్ డబ్ల్యూ50.4ఎక్స్ఎక్స్ఏ. బయటి కారణాల కోడ్లు దేశమంతటా తప్పనిసరి కాదు, రాష్ట్రమో పేయరో (బిల్లు కట్టే ఇన్సూరెన్సో) అడిగితే వేయాలి. ఎప్పుడూ మొదటి స్థానంలో రాకూడదు.

ఈడీ_కోడర్_వరంగల్
థాంక్స్ మేడమ్. ఇదే పేషెంటు మళ్లీ వస్తే కోడ్ చివరి అక్షరం 'ఏ' పెట్టాలా, 'డి' పెట్టాలా? 'ఏ' మొదటి విజిట్‌కే అని మావాళ్ల నమ్మకం.

శ్రావణి_ఆడిట్
విజిట్ ఎన్నోదన్నది లెక్క కాదు. చికిత్స ఇంకా చురుగ్గా నడుస్తుంటే 'ఏ', చికిత్స అయ్యాక మానుతోందా లేదా అని చూడటానికి వస్తే 'డి'. ఎమర్జెన్సీలో చూపించుకుని, మర్నాడు కంటి డాక్టరు దగ్గర కొత్తగా చికిత్స మొదలుపెడితే అదీ 'ఏ'నే. గాయాలకు ఆఫ్టర్‌కేర్ (చికిత్స తర్వాతి సంరక్షణ) జెడ్ కోడ్లు వేయొద్దు.

కంటి_డాక్టర్_గుంటూరు
కోడ్ల గురించి మీరే బాగా చెబుతున్నారు. చార్టు చదివేటప్పుడు మీకు పనికొస్తాయని వైద్యం వైపు నుంచి కొన్ని మాటలు.

కార్నియా పైపొర గీరుకుపోతే నొప్పి విపరీతంగా ఉంటుంది, కానీ చిన్న గీత మామూలుగా 24 నుంచి 72 గంటల్లో మానిపోతుంది. ఫ్లోరోసీన్ రంగు వేసి నీలి లైటు కింద చూస్తే పొర ఊడిన చోటు పచ్చగా వెలుగుతుంది. అక్కడ నిలువు గీతలు వరుసగా కనిపిస్తే పైరెప్ప తిప్పి చూస్తాం, నలుసు చాలాసార్లు అక్కడే దాక్కుని ఉంటుంది. రెప్ప కొట్టినప్పుడల్లా అది కిందికీ పైకీ గీస్తూ ఉంటుంది. 'లిడ్ ఎవర్టెడ్' అని నోట్‌లో ఉంటే ఆ పరీక్ష జరిగినట్టు.

కంటికి కట్టు వేయడం ఇప్పుడు చాలావరకు మానేశాం. చిన్న గీతలు కట్టుతో త్వరగా మానవని పరిశోధనల్లో తేలింది. కాంటాక్ట్ లెన్సు పెట్టుకునేవాళ్లకైతే కట్టు అసలు వేయకూడదు. వాళ్లలో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా చేరితే ఒకట్రెండు రోజుల్లోనే కార్నియా కరిగిపోవచ్చు.

మత్తు చుక్కలు పరీక్షకే. హాయిగా ఉందని ఇంటికి తీసుకెళ్లి వేసుకుంటూ పోతే పొర మానదు, ఉన్న గీత పుండవుతుంది. ఇనుము మీద సుత్తితో కొడుతుంటే కంట్లో పడిందని పేషెంటు చెబితే, అది పైగీతే అనుకుని వదిలేయకూడదు. ముక్క గుడ్డులోకి దూసుకుపోయి ఉండొచ్చు. ఎంఆర్ఐ చేయించకూడదు, సీటీ చేయాలి. అలా దూసుకుపోయి ఉంటే మీ కోడ్ కూడా ఎస్05.5కి వెళ్లిపోతుంది.

రైతుబిడ్డ_మిర్యాలగూడ
డాక్టరు గారూ, దీనికి సంబంధించినదే అడుగుతున్నా. వరి కోతలప్పుడు మా నాన్న కంట్లో వరి ఆకు గీసుకుంది. ఊళ్లో ఒకాయన నందివర్ధనం పూల రసం పిండమన్నాడు, ఇంకొకాయన మెడికల్ షాపులో చుక్కలు తెచ్చి వేశాడు. రెండ్రోజులు ఎరుపు తగ్గింది, నాన్న మళ్లీ పొలానికి పోయాడు. తర్వాత చూస్తే నల్లగుడ్డు మీద తెల్లగా పువ్వు లేచింది. చుక్కల సీసా ఫొటో పట్టణంలో డాక్టరుకు చూపిస్తే అందులో స్టెరాయిడ్ ఉందన్నారు. ఆ చుక్కల వల్లే ఇలా అయ్యిందా?

కంటి_డాక్టర్_గుంటూరు
అన్నా, ఇది మా దగ్గర ప్రతి కోతల సీజన్‌లోనూ చూసేదే. ఆకు, ఊక, చెత్త గీసుకున్న చోట ఫ్యూజేరియం, ఆస్పర్‌జిల్లస్ లాంటి ఫంగస్ దిగుతుంది. అది నెమ్మదిగా పెరుగుతుంది, మొదటి రోజుల్లో పెద్దగా తెలియదు. స్టెరాయిడ్ వేస్తే ఎరుపు, మంట తగ్గి నయమైనట్టు కనిపిస్తుంది, లోపల ఫంగస్‌కు అడ్డు లేకుండా పోతుంది. నాన్నగారిది ఫంగస్సేనా అన్నది కార్నియా గీకి మైక్రోస్కోప్ కింద చూస్తేనే తేలుతుంది. గీకి చూశారా అని అడగండి. ఫంగస్ అయితే సాధారణంగా నాటమైసిన్ 5 శాతం చుక్కలతో మొదలుపెడతారు, వారాల తరబడి వేయాలి, మధ్యలో ఆపకూడదు. పూల రసం, ఆముదం, చనుబాలు ఏవీ కంట్లో వేయొద్దు.

ఊళ్లో మిగతావాళ్ల కోసం ఇంకో మాట. నేపాల్‌లోని భక్తపూర్‌లో ఊరి ఆరోగ్య కార్యకర్తలతో ఒక పెద్ద అధ్యయనం చేశారు, 2001లో అచ్చయింది. గీత పడ్డవాళ్లకు 1 శాతం క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంట్ రోజుకు మూడుసార్లు, మూడు రోజులు పెట్టారు. గీత పడ్డ 18 గంటల్లోపు మొదలుపెట్టినవాళ్లలో ఒక్కరికీ పుండు కాలేదు. ఆలస్యమైన కొద్దీ పుండ్లు పెరిగాయి. అందుకే 'రేపు చూద్దాంలే' అనొద్దని పొలం పనికెళ్లే ప్రతి ఒక్కరికీ చెబుతుంటాను.

కొత్త_సీపీసీ
అన్నా, నాన్నగారికి త్వరగా తగ్గాలి. మేడమ్, ఇలాంటిది అమెరికా చార్టులో వస్తే ఇంకా ఎస్05లోనే ఉంటామా?

శ్రావణి_ఆడిట్
లేదు. పుండు అని డాక్టరు రాశాక అది హెచ్16.0 కుటుంబం. కంటి లోపల చీము కూడా చేరిందని, హైపోపియాన్ అని రాస్తే హెచ్16.03, కుడి కంటికైతే హెచ్16.031. కార్నియా గీకి ల్యాబ్‌కు పంపితే సీపీటీ 65430. ఆకు గీసుకుందని రాసి ఉంటే, కారణం కోడ్ అవసరమైన చోట, డబ్ల్యూ60.ఎక్స్ఎక్స్ఎక్స్ఏ ఉంది. ఇంకోటి, లెన్సు ఎక్కువసేపు పెట్టుకోవడం వల్ల కార్నియా దెబ్బతిందని డాక్టరు రాస్తే హెచ్18.82, లెన్సు తీస్తూ గోరు గీసుకుంటే ఎస్05.0. చార్టులో లెన్సు మాట కనిపించగానే హెచ్18 వేసేయొద్దు.

మన దేశంలో వాడే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-10లో ఈ గీత కోడ్ ఎస్05.0 దగ్గరే ఆగిపోతుంది. కుడి, ఎడమ, ఏ, డి ఏవీ ఉండవు. ఇక్కడి ఆస్పత్రుల కోడింగ్‌కి మారినవాళ్లు గుర్తుంచుకోండి.

డాలస్_నుంచి
డాక్టరు గారూ, గీత మానింది కానీ అప్పుడప్పుడు తెల్లవారుజామున కన్ను తెరవగానే చురుక్కుమని పొడిచినట్టు ఉంటోంది. కాసేపటికి పోతుంది.

కంటి_డాక్టర్_గుంటూరు
గోరు, కాగితం అంచు తగిలిన గీతల తర్వాత ఇది వస్తుంటుంది. పైపొర కింద సరిగా అతుక్కోక, రాత్రి రెప్పకు అంటుకుని పొద్దున్నే ఊడుతుంది. రికరెంట్ ఎరోజన్ అంటాం. అది తగ్గిన తర్వాత వెళితే ఏమీ కనిపించకపోవచ్చు, కాబట్టి నొప్పి వచ్చిన పొద్దునే చూపించుకోండి. పడుకునే ముందు కళ్లకు పెట్టే లూబ్రికెంట్ ఆయింట్‌మెంట్ వాళ్లే రాస్తారు, నొప్పి పోయినా కొన్ని నెలలు వాడాల్సి రావచ్చు.

శ్రావణి_ఆడిట్
డాక్టరు ఆ పేరే రాస్తే కోడ్ హెచ్18.832, ఎడమ కన్ను. ఈసారి చెక్ఇన్ దగ్గరే ఏ కన్నో చెప్పి, కాగితం మీద రాయించుకోండి.