అప్‌డేట్: నాయనకు పీఎస్‌ఏ 7.8 – బయాప్సీ దాకా పోలేదు

మా నాయనకు (68 ఏళ్లు) పీఎస్‌ఏ (ప్రోస్టేట్ గ్రంథి వదిలే ప్రోటీన్, రక్తంలో కొలుస్తారు) 7.8 వచ్చింది, వెంటనే బయాప్సీకి (గ్రంథి నుంచి చిన్న ముక్క తీసి చూసే పరీక్ష) పోవాల్నా అని ఇక్కడ అడిగింటి. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్.

"ముందు యూరిన్ కల్చర్ చేయించు, ఫ్రీ పీఎస్‌ఏ కూడా అడుగు" అని ఇక్కడ ఒక అన్న చెప్పిన మాటే పనికొచ్చింది. కర్నూల్లో యూరాలజిస్టు కూడా అదే దారి పట్టినాడు. కల్చర్‌లో ఇన్ఫెక్షన్ బయటపడింది. అది ఉన్నా పీఎస్‌ఏ పెరుగుతుందంట. యాంటీబయాటిక్ కోర్సు అయినాక కొన్ని వారాలు ఆగి మళ్లీ రక్తం ఇస్తే 5.1 వచ్చింది, అందులో ఫ్రీ పీఎస్‌ఏ (రక్తంలో వేరే ప్రోటీన్లకు అంటుకోకుండా విడిగా ఉండేది) 28 శాతం. మొత్తం పీఎస్‌ఏ 4 నుంచి 10 మధ్య ఉన్నోళ్లకు ఈ శాతం చూస్తారు: 25 దాటితే క్యాన్సర్ అవకాశం తక్కువ, 10 లోపలుంటే ఎక్కువ. తక్కువంటే లేదని కాదు గదా, అందుకే వేలితో పరీక్ష చేసి, ఎమ్మారై కూడా తీయించినారు. పై-రాడ్స్ (ఎమ్మారైలో క్యాన్సర్ అనుమానానికి 1 నుంచి 5 దాకా ఇచ్చే స్కోరు) 2, అంటే అనుమానం తక్కువ. గ్రంథి మాత్రం 62 సీసీకి పెరిగింది, అంటే వయసుతో వచ్చే బీపీహెచ్ (క్యాన్సర్ కాని ప్రోస్టేట్ వాపు). బయాప్సీ ఇప్పుడు వద్దన్నారు.

రాత్రిపూట టామ్సులోసిన్ (మూత్రం సులువుగా పోయేదానికి ఇచ్చే మందు) వేస్తున్నాం. మూత్రానికి ఊరికూరికే లేచేది బాగా తగ్గింది, నాయన కంటే అమ్మకే సంతోషం! మొదట్లో లేస్తే కళ్లు తిరిగేవి, ఇప్పుడు లేదు.

పీఎస్‌ఏకు రక్తం పరగడుపున ఇవ్వాల్నా అని ఇక్కడ పెద్ద చర్చే జరిగింది, దాని అవసరమే లేదు. ఫినాస్టరైడ్ (పెరిగిన ప్రోస్టేట్‌ను తగ్గించే మాత్ర) వాడేవాళ్లు మాత్రం డాక్టరుకు ముందే చెప్పండి, ఆ మాత్రతో పీఎస్‌ఏ సుమారు సగానికి తగ్గి కనిపిస్తుంది.

ఆర్నెల్లకు మళ్లీ పీఎస్‌ఏ చేయించమన్నారు.