కొడైకెనాల్ లేక్ కోసం నెల్లూరు నుంచి అంత దూరం పోవచ్చా?

కావలి కుర్రోడు:
ఫిబ్రవరిలో అమ్మానాన్నల్ని తీసుకుని కొడైకెనాల్ పోదామని ఉంది. మా బాబాయేమో "పక్కన సోమశిల డ్యామ్ పెట్టుకుని చెరువు చూడ్డానికి తమిళనాడు దాకా పోతారా" అని ఎగతాళి. నెట్‌లో ఎక్కడ చూసినా అవే పాయింట్ల లిస్టు, ఆ ఊరు ఎట్లా పుట్టిందో, ఆ నీళ్లలో అంత విశేషం ఏముందో ఎవరూ రాయరు. నాన్నకి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేరు. కారు మేలా, రైలు మేలా?

పెన్నాగట్టు:
మీ బాబాయి అన్నదాంట్లో సగం నిజమే, అది కట్ట వేసిన చెరువే. 1845లో మదురై వైపు పనిచేసే అమెరికన్ మిషనరీలు కింద జ్వరాలకి, కలరాకి తమవాళ్లు పోతుంటే తట్టుకోలేక పళని కొండల మీద, రెండు వేల మీటర్ల పైన, ఇళ్లు కట్టుకున్నారు. ఊరికి మొదలు అదే. తర్వాత 1863లో మదురై కలెక్టరుగా చేసిన లెవింజ్ అక్కడి వాగులకి అడ్డంగా కట్ట వేయించి బురద లోయని చెరువు చేశాడు, నక్షత్రం ఆకారం అంటారు గానీ ఒడ్డున నిలబడితే అది తెలియదు, ఎటు చూసినా ఇంకో పాయ కొండ చాటుకి పోతున్నట్టు ఉంటుంది. ఘాట్ రోడ్డు పడింది 1910ల్లో, అంతకుముందు పైకి పోవాలంటే నడకో, డోలీనో.

నాకు లేక్ కన్నా నచ్చింది సోలార్ అబ్జర్వేటరీ. మన పెద్దవాళ్లు ధాత కరువు అంటుంటారే, 1876-78 నాటిది, నెల్లూరు జిల్లాని కూడా ఊడ్చిపెట్టింది, ఆ కరువు తర్వాతే వానలకీ సూర్యుడికీ ఏమన్నా సంబంధం ఉందేమో చూడాలని ప్రభుత్వం పట్టుబట్టింది. మద్రాసులో మబ్బూ దుమ్మూ ఎక్కువని కొండ మీదికి మార్చారు, 1901 నుంచి అక్కడ సూర్యుణ్ణి చూస్తూనే ఉన్నారు. 1909లో ఎవర్షెడ్ అనే ఆయన సూర్యుడి మచ్చల్లో వాయువులు బయటికి పారుతున్నాయని కనిపెట్టింది అక్కడే. సందర్శకుల్ని ఎప్పుడు రానిస్తారో ముందే కనుక్కోండి.

దర్గామిట్ట:
చరిత్ర సరే, ప్రయాణం సంగతి నేను చెప్తా. కారులో ఏడు వందల కిలోమీటర్ల దాకా ఉంటుంది, పెద్దవాళ్లతో ఒక్క ఊపున వద్దు. చెన్నై పోయి ఎగ్మోర్‌లో రాత్రి పాండియన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారకముందే కొడై రోడ్ స్టేషన్లో దించుతుంది. అక్కడి నుంచి ఇంకా 80 కిలోమీటర్ల ఘాట్, వాంతుల మాత్ర వేసుకోండి. దారిలోనే సిల్వర్ కాస్కేడ్ జలపాతం, దిగితే కోతులతో జాగ్రత్త. సొంత కారైతే కొండెక్కడానికి ఈ-పాస్ తప్పనిసరి, మద్రాస్ హైకోర్టు చెప్పాక 2024 మే నుంచి అమల్లో ఉంది, ఆన్‌లైన్‌లో ఊరికే ఇస్తారు. బస్సులో పోయేవాళ్లకి అక్కర్లేదు. ఐదు లీటర్ల లోపు ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు పైకి రానివ్వరు, స్టీలు బాటిల్ పెట్టుకోండి.

కావలి కుర్రోడు:
థ్యాంక్స్ అన్నా. నాన్న నడవగలిగేవి ఏవి? చలి ఎంత ఉంటుంది?

పెన్నాగట్టు:
లేక్ చుట్టూ ఐదు కిలోమీటర్ల రోడ్డు, దాదాపు చదునే, ఓపికున్నంత నడిచి తిరిగొచ్చేయొచ్చు. పక్కనే బ్రయంట్ పార్క్. కోకర్స్ వాక్ కొండ అంచున వేసిన కాలిబాట, పొద్దున్నే పోతే కింద మైదానం అంతా కనిపిస్తుంది, మధ్యాహ్నం అయితే పొగమంచు తప్ప ఏమీ ఉండదు. పిల్లర్ రాక్స్ అనే నిలువు బండల దగ్గర కూడా అంతే. డాల్ఫిన్స్ నోస్ అనే కొండకొనకి దిగుడు ఎక్కువ, నాన్నగార్ని తీసుకుపోవద్దు. కురింజి ఆండవర్ గుడి (మురుగన్ గుడి) మాత్రం వదలకండి, 1936లో హిందూ మతం తీసుకున్న ఒక యూరోపియన్ ఆవిడ కట్టించింది, ఆకాశం తేటగా ఉంటే అక్కణ్ణుంచి పళని కొండ కనిపిస్తుంది. పన్నెండేళ్లకోసారి పూసే నీలకురింజి 2018లో పూసింది, ఇక 2030లోనే, ఈలోపు ఎవరైనా డ్రైవర్ చూపిస్తానంటే నమ్మకండి. రాత్రిళ్లు చలి గట్టిగానే, స్వెట్టర్, మంకీ క్యాప్ రెండూ.

గుండ్లకమ్మ:
అందరూ కొడైకి పంపిస్తున్నారు సరే, చెరువే చూడాలంటే మన కంభం ఉంది కదయ్యా. విజయనగరం రాణి వరదరాజమ్మ పేరున చెప్పుకునే చెరువు, పదహారో శతాబ్దం నాటిది, రెండు కొండల మధ్య సందులో గుండ్లకమ్మ నదికి అడ్డంగా కట్ట వేశారు. ఇప్పటికీ పొలాలకి నీళ్లిస్తోంది, 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు కూడా వచ్చింది. కొడై కన్నా మూడు వందల ఏళ్ల పైగా పాతది, పడవలూ చాక్లెట్ షాపులూ లేవని ఎవడూ పట్టించుకోడు. గుంటూరు-నంద్యాల లైన్లో కంభం స్టేషన్ ఉంది, వానలు పడ్డ ఏడాది నవంబరు, డిసెంబరులో పోండి.

దర్గామిట్ట:
కంభం ఒక్కరోజులో చూసి రావచ్చు, దానికీ దీనికీ పోటీ ఏంది? కావలి అన్నా, నువ్వు ఫిబ్రవరిలో శని, ఆదివారాలు వదిలేసి బుక్ చేసుకో, రూము లేక్ పక్కనే తీసుకో. నాన్నగారికి టాక్సీ ఖర్చు తగ్గుతుంది.