విశాఖ నగరపాలక సంస్థలో మౌలిక వసతుల పనులన్నిటికీ ఒకే ఉన్నతాధికారి: పదవి ఎలా ఏర్పడాలి, జీతం ఏ పద్దు నుంచి రావాలి?

ప్రశ్న: విశాఖ నివాసి

అందరికీ నమస్కారం. మా కాలనీ సంక్షేమ సంఘాలన్నీ కలిసి మేయరు గారికి, కమిషనర్ గారికి ఒక వినతిపత్రం ఇవ్వాలని అనుకుంటున్నాయి. రోడ్లు, తాగునీటి పైపులైన్లు, భూగర్భ డ్రైనేజీ, వరద కాలువలు, వీధి దీపాలు వంటి పనులన్నిటినీ ఒకే చోటి నుంచి నడిపించే అధికారి ఒకరు ఉండాలని, ఆయన హోదా అదనపు కమిషనర్ స్థాయికి తగ్గకూడదని, ఆయనకు పన్నుల వసూలు, పారిశుద్ధ్యం వంటి బాధ్యతలు అంటగట్టకూడదని మా కోరిక.

ఎంపికైన నగరాల అభివృద్ధికి కేంద్రం నడిపిన స్మార్ట్ సిటీ మిషన్ 2025 మార్చి 31తో ముగిసింది. 2016 జనవరిలో ప్రకటించిన మొదటి 20 నగరాల్లోనే విశాఖ, కాకినాడ ఉన్నాయి కాబట్టి, మన నగరాల్లో ప్రాజెక్టుల కోసమే విడిగా ఒక యంత్రాంగం ఎలా పనిచేస్తుందో తొమ్మిదేళ్లు చూశాం. ఇప్పుడు ఆ పథకం లేదు, పనులు మాత్రం ఆగవు. కొత్తగా వేసిన తారు రోడ్డును మరో శాఖ పైపు కోసం తవ్వడం తెలుగు నగరాలన్నిటా కనిపించే సంగతే. తెలిసినవారిని అడగదలచింది రెండు విషయాలు. ఈ పదవిని కౌన్సిల్ తన తీర్మానంతోనే ఏర్పాటు చేయగలదా? దాని ఖర్చును ప్రాజెక్టుల అంచనా వ్యయంలో ఒక శాతంగా చూపించడం మేలా, సాధారణ నిధుల నుంచి ఇవ్వడం మేలా?

జవాబు: విశ్రాంత పురపాలక ఇంజినీరు

మీ మొదటి ప్రశ్నకు సూటి జవాబు: కౌన్సిల్ తీర్మానం అవసరమే గానీ, దానితోనే పని పూర్తి కాదు. ఈ స్థాయి పదవికి పురపాలక శాఖ ద్వారా ప్రభుత్వ మంజూరు కావాలి, ఆర్థిక శాఖ సమ్మతి కావాలి, ఆ పైన జీవో రావాలి. కాబట్టి వినతిపత్రం ప్రతిని అమరావతికి కూడా పంపండి.

అయితే నా అనుభవంలో హోదా కంటే అధికారాల పట్టికే ముఖ్యం. అదనపు కమిషనర్ అనే పేరు ఇచ్చి, సమీక్షా సమావేశాలు జరపడం, నివేదికలు తెప్పించుకోవడం వరకే పరిమితం చేస్తే, ఈఈలు, ఎస్ఈలు (కార్యనిర్వాహక, పర్యవేక్షక ఇంజినీర్లు) ఎప్పటిలాగే కమిషనర్ వైపే చూస్తారు, ఫైలుకు మరో బల్ల తోడవుతుంది తప్ప పని వేగం పెరగదు. ఆయన చేతిలో కనీసం మూడు విషయాలు ఉండాలి. ఏడాది పనుల క్రమాన్ని నిర్ణయించే అధికారం, అంటే ఏ వీధిలో ముందు డ్రైనేజీ, తర్వాత నీటి పైపు, చివరికి రోడ్డు అన్నది ఆయన సంతకంతోనే ఖరారు కావాలి. రోడ్ కటింగ్, అంటే పైపులకో తీగలకో రోడ్డు తవ్వుకునే, అనుమతులు జోన్లలో విడివిడిగా కాకుండా ఆయన దగ్గరికే రావాలి. ఆ క్రమాన్ని తప్పి చేసిన పనికి బిల్లు నిలిపే అధికారం ఉండాలి. మూడోది లేకపోతే మొదటి రెండూ కాగితం మీదే మిగులుతాయి, ఎందుకంటే ఎం-బుక్‌లో (చేసిన పని కొలతలు రాసే పుస్తకంలో) కొలతలు నమోదై బిల్లు అకౌంట్స్ విభాగానికి చేరాక, ఆ పనిని ఎవరు ఏ వరుసలో చేశారని అడిగేవారు ఉండరు.

ఇంకొక మాట. 2005 డిసెంబరులో వచ్చిన జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం (నగరాల మౌలిక వసతులకు కేంద్రం తెచ్చిన పథకం) కాలంలోనూ ప్రాజెక్టు అమలు విభాగాలు ఏర్పడ్డాయి. ఆ తర్వాత స్మార్ట్ సిటీ కంపెనీలు వచ్చాయి. రాష్ట్రానికి, నగరపాలక సంస్థకు చెరి సగం వాటా, పైన ఒక సీఈఓ. కేంద్రం ఒక్కో నగరానికి ఇస్తానన్న 500 కోట్ల రూపాయలకు రాష్ట్రమూ నగరమూ కలిపి అంతే జోడించాలన్నది నియమం. ఆ నిధుల్లో 5 శాతం పరిపాలన ఖర్చులకు వాడుకోవచ్చు. జీతాలు పథకం మీద ఆధారపడితే, పథకం ముగిసిన నాడు ఆ మనుషులూ వెళ్లిపోతారు. డిప్యుటేషన్ మీద వచ్చినవారు సొంత శాఖలకు, కన్సల్టెంట్లు మరో నగరానికి. ఏ వాల్వు ఎక్కడుంది, ఏ మ్యాన్‌హోల్ ఏ లెవెల్లో ఉంది, ఏ కాంట్రాక్టర్‌కు ఎంత కాలం మరమ్మతు బాధ్యత ఉంది అనే జ్ఞానం వాళ్లతోనే పోతుంది. మీరు కోరే పదవి శాశ్వత క్యాడర్‌లో ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

జవాబు: ముంబయిలో స్థిరపడిన తెలుగువాణ్ణి

ఇక్కడి బృహన్ముంబయి పాలక సంస్థలో నలుగురు అదనపు కమిషనర్లు ఉంటారు. ముగ్గురికి నగరం, తూర్పు శివార్లు, పడమటి శివార్లు అప్పగించి, నాలుగో పదవిని ప్రాజెక్టులకే కేటాయించారు. మెరీన్ డ్రైవ్ నుంచి వర్లీ వరకు 10.58 కిలోమీటర్ల తీర రహదారి వంటి పెద్ద పనికి, 2024 మార్చిలో దాని తొలి భాగం తెరిచేదాకా, ఇలాంటి స్థిరమైన పదవి ఉండటం కలిసివచ్చిందని నా అభిప్రాయం. కానీ మెట్రో, సముద్ర సేతువు వంటివి ఇక్కడా వేరే సంస్థల చేతిలోనే ఉన్నాయి, కాబట్టి ఒక పదవితో నగరమంతా ఒకే గొడుగు కిందికి వస్తుందని అనుకోకండి. పైగా ఈ సంస్థ 2025–26 బడ్జెట్టే 74 వేల కోట్ల రూపాయలు దాటింది. ఇక్కడి జీతాల లెక్కను విశాఖకు వర్తింపజేయడం కుదరదు. అయితే ఒక విషయంలో మీరు అదృష్టవంతులు. హైదరాబాద్‌లో తాగునీరు, మురుగునీరు 1989 నుంచి ప్రత్యేక బోర్డు చేతిలో ఉన్నాయి. విశాఖలో అవి నగరపాలక సంస్థలోనే ఉన్నాయి కాబట్టి, ఒకే అధికారి కిందికి తేవడం మీకు తేలిక.

జవాబు: స్థానిక నిధుల ఆడిట్‌లో పనిచేసినవాణ్ణి

రెండో ప్రశ్న నా పరిధిలోది. అంచనా వ్యయంలో శాతంగా జీతం ఇవ్వడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. పని విలువ పెరిగితే తన విభాగానికి వచ్చే సొమ్ము పెరిగే చోట, అంచనాలను తగ్గించమని చెప్పవలసిన అధికారిని కూర్చోబెట్టకూడదు. ఆ అధికారి చేయదగ్గ గొప్ప పని కొన్నిసార్లు ఒక ప్రాజెక్టును వద్దనడం, లేదా రెండు టెండర్లను ఒకటిగా కలిపి తవ్వకం ఖర్చు తగ్గించడం. ఆ పని చేసినందుకు ఆయన కార్యాలయానికే నిధులు తగ్గిపోతే, ఎంత నిజాయితీపరుడైనా ఎన్నాళ్లు నిలబడగలడు?

కాబట్టి జీతభత్యాలు సాధారణ నిధుల నుంచి, ఎస్టాబ్లిష్‌మెంట్ (సిబ్బంది ఖర్చుల) పద్దు కింద రావాలి. ఆస్తి పన్ను నగరానికి ఏటా వచ్చే సొంత ఆదాయం. పథకాలు వచ్చినా పోయినా అది ఆగదు. రోడ్ కటింగ్ కోసం ఇతర సంస్థలు కట్టే పునరుద్ధరణ రుసుమును మాత్రం ఇందుకు వాడవద్దని వినతిపత్రంలో స్పష్టంగా రాయండి, ఎందుకంటే అది ఆ రోడ్డును తిరిగి వేయడానికి చెల్లించిన డబ్బు.

బాండ్ల సంగతి కూడా చెప్పాలి. నగరాలు మార్కెట్లో అప్పు తెచ్చుకునే మునిసిపల్ బాండ్లపై, స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2015లో తెచ్చిన నిబంధనల ప్రకారం, బాండ్లు జారీ చేసే నగరం ప్రత్యేకంగా ప్రాజెక్టు అమలు విభాగం పెట్టి, డిప్యూటీ కమిషనర్ హోదాకు తగ్గని ఒక ప్రాజెక్టు అధికారిని నియమించాలి. ఆ సొమ్మును చెప్పిన ప్రాజెక్టుకే ఖర్చు చేయాలి. హైదరాబాద్ 2018లో 8.9 శాతం వడ్డీతో 200 కోట్లు సేకరించింది, అదే ఏడాది విశాఖ కూడా బాండ్లు జారీ చేసింది. అంటే మీరు అడుగుతున్నది కొత్త విలాసమేమీ కాదు. అప్పు తెచ్చుకునే నగరానికి ఇలాంటి అధికారి ఎలాగూ తప్పనిసరి. ఆ బాధ్యతను మరొకరి నెత్తిన అదనంగా పెట్టకుండా, పూర్తికాలపు పదవిగా చేయమని అడగండి.

మళ్లీ అడుగుతున్నాను: విశాఖ నివాసి

చాలా కృతజ్ఞతలు. శాతం పద్ధతిని మా ముసాయిదా నుంచి తీసేస్తున్నాం. ఒక సందేహం మిగిలింది. విద్యుత్ పంపిణీ సంస్థ, వీఎంఆర్‌డీఏ (విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ), జాతీయ రహదారుల సంస్థ నగరపాలక సంస్థ మాట వినాలంటే ఒక జీవో సరిపోతుందా?

జవాబు: హైదరాబాద్ న్యాయవాది

హైదరాబాద్‌లో చెరువులు, ప్రభుత్వ స్థలాల్లోని ఆక్రమణలను తొలగించే సంస్థ హైడ్రా అనుభవం మీకు పనికొస్తుంది. 2024 జులైలో దాన్ని జీవోతో ఏర్పాటు చేశారు. దాని అధికారాలపై హైకోర్టులో ప్రశ్నలు తలెత్తాయి, ఆ అక్టోబరులో ఆర్డినెన్సు ద్వారా జీహెచ్‌ఎంసీ (హైదరాబాద్ నగరపాలక సంస్థ) చట్టంలో 374-బి సెక్షన్ చేర్చవలసి వచ్చింది. మీరు అడిగేది కూల్చివేతల వంటి అధికారం కాదు కాబట్టి అంత దూరం పోనక్కరలేదు, కానీ రెండు రకాల అధికారాలను ఒకే వాక్యంలో కలపకండి. నగరపాలక సంస్థ లోపలి పనులకు, చట్టం ప్రకారం కమిషనర్‌కు ఉన్న అధికారాల్లో కొన్నిటిని ఆ అధికారికి బదలాయిస్తూ ఉత్తర్వు ఇస్తే చాలు. ఎం-బుక్, రోడ్ కటింగ్, పనుల క్రమం ఇందులోకి వస్తాయి. విద్యుత్ సంస్థ, వీఎంఆర్‌డీఏ రాష్ట్రం కిందివి కాబట్టి, తవ్వకాలకు ముందు ఏడాది ప్రణాళికను ఆ అధికారికి సమర్పించాలని ప్రభుత్వమే వాటిని జీవో ద్వారా ఆదేశించవచ్చు. జాతీయ రహదారుల సంస్థ కేంద్రానిది, దానిని రాష్ట్ర జీవో బంధించదు. దానితో రాతపూర్వక ఒప్పందం కుదుర్చుకోవలసిందే. వినతిపత్రంలో ఈ మూడింటినీ మూడు పేరాలుగా విడదీసి, మొదటి పేరాను కమిషనర్‌కు, రెండోదాన్ని పురపాలక శాఖ ముఖ్య కార్యదర్శికి ఉద్దేశించండి. మొదటిది కమిషనర్ స్థాయిలోనే తేలిపోతుంది కాబట్టి, పదవి మంజూరయ్యే వరకు ఆగకుండా ఇప్పుడున్న అధికారుల్లో ఒకరికి తాత్కాలికంగా ఆ అధికారాలు బదలాయించమని కూడా అందులోనే అడగండి.